కొత్తవాళ్ళ రేసుకే మీ మంచి మార్షళ్ళను పెట్టండి: రోడ్డు రేసు నిర్వాహకులకు బహిరంగ లేఖ

అమెచ్యూర్ సైకిల్ రోడ్డు రేసులు నడిపే క్లబ్బుల వారికి, రేసు డైరెక్టర్లకు,

నమస్కారం. రేసు రోజున మలుపుల దగ్గర జెండా పట్టుకుని నిలబడేవాళ్ళం, విడి చక్రాలు మోసే బండిలో గుంపు వెనకాలే వెళ్ళేవాళ్ళం, ముగింపు గీత దగ్గర నంబర్లు రాసుకునేవాళ్ళం కలిసి ఈ ఉత్తరం రాస్తున్నాం. అడిగేది ఒకటే. అనుభవమున్న మార్షళ్ళు, మోటారు సైకిళ్ళు, అనువైన వేళ, అన్నీ పై కేటగిరీ రేసుకు ఇచ్చేసి, మొదటిసారి నంబరు కట్టుకున్నవాళ్ళకు మిగిలినవి సర్దుతున్నారు. ఈ వరస తిరగేయండి.

పై కేటగిరీ వాళ్ళు గుంపులో వేల కిలోమీటర్లు తొక్కి వచ్చినవాళ్ళు. మార్షల్ ఒక చోట తడబడినా వాళ్ళే సర్దుకుంటారు. కొత్తవాళ్ళకూ కాళ్ళలో బలం తక్కువేమీ కాదు. ఇంట్లో ట్రైనర్ (సైకిల్‌ను కదలకుండా బిగించి తొక్కే యంత్రం) మీద కొన్ని నెలలు తొక్కి మంచి వాట్లు, అంటే తొక్కే శక్తి, సంపాదించుకుని వస్తున్నారు. పక్కవాడి మోచెయ్యి తగిలితే బెదరకుండా ఉండటం మాత్రం ట్రైనర్ నేర్పదు. బలం ఉండి, గుంపులో మెలగడం తెలియనివాళ్ళు నలభై మంది ఒక్కచోట చేరితే ప్రమాదానికి అంతకంటే అనువైన వేళ ఉండదు.

లెక్క చూడండి. చదునైన రోడ్డు మీద గంటకు 40 కిలోమీటర్ల వేగంలో పడే శ్రమలో ఎక్కువ భాగం గాలిని చీల్చడానికే పోతుంది. ముందువాడి గాలి చాటున తొక్కితే అందులో నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా ఆదా అవుతుంది. అందుకే అందరూ ముందువాడి చక్రానికి అర మీటరు దూరంలో నడుస్తారు, నడవాలి కూడా. ఆ వేగంలో సైకిల్ సెకనుకు 11 మీటర్లు పోతుంది. మనిషి చూసి, తెలుసుకుని, చెయ్యి బ్రేకు మీదికి పోయేసరికి పావు సెకను గడుస్తుంది, అంటే సుమారు 2.8 మీటర్లు. ముందువాడు ఉన్నట్టుండి గంటకు 4 కిలోమీటర్ల వేగం తగ్గిస్తే ఆ అర మీటరు అర సెకను లోపే మాయమవుతుంది. కాబట్టి గుంపులో ఎవరినీ కాపాడేది బ్రేకు కాదు, ముందున్నవాడి నిలకడ. కొత్తవాళ్ళకు ముందుగా చెప్పాల్సింది ఇదే. చెప్పేవాళ్ళు కనబడరు.

రేసుకు ముందు ఇచ్చే సూచనలు సాధారణంగా స్టార్ట్ గీత దగ్గర, అందరూ హెల్మెట్ పెట్టుకుని ఒక కాలు పెడల్‌లో బిగించాక చదువుతారు. మూడో వరసకు ఏమీ వినబడదు. వినబడినా అప్పటికి ఎవరి గుండె చప్పుడు వాళ్ళ చెవుల్లోనే ఉంటుంది. అరగంట ముందు, సైకిళ్ళు పక్కన పెట్టించి, అర్ధ చక్రంగా నిలబెట్టి చెప్పండి. పది నిమిషాలు చాలు. అందులో మూడు నిమిషాలు నోటితో కాకుండా సైకిళ్ళతో చెప్పండి.

ఎలాగంటే, ఇద్దరు మార్షళ్ళు రెండు సైకిళ్ళను ఒకదాని వెనక ఒకటి పట్టుకుని నిలబడాలి. వెనక సైకిల్ ముందు చక్రాన్ని ముందు సైకిల్ వెనక చక్రం పక్కకు ఓ జానెడు చొప్పించాలి. ఇప్పుడు ముందు సైకిల్‌ను నాలుగంగుళాలు పక్కకు జరపండి. రెండు టైర్లు రాసుకుంటాయి. వెనక సైకిల్ హ్యాండిల్‌ను ఆ రాసుకున్న వైపు తిప్పి చూడమనండి, తిరగదు. సైకిల్ మీద మనిషి పడిపోకుండా ఉండేది, ఒరిగిన వైపుకే ముందు చక్రాన్ని కాస్త తిప్పి, దాన్ని మళ్ళీ తన బరువు కిందికి తెచ్చుకోవడం వల్ల. ఆ తిప్పే వీలే పోతే సెకనులో నేల మీద ఉంటాడు. ముందువాడికి మాత్రం చాలాసార్లు చిన్న కుదుపే తెలుస్తుంది, వెనక ఏం జరిగిందో కూడా ఎరగడు. పడేది దాదాపు ఎప్పుడూ వెనక నుంచి చక్రం చొప్పించినవాడే. తప్పు ముందువాడిదా వెనకవాడిదా అన్న వాదన తర్వాత ఎంతైనా చేసుకోవచ్చు, చర్మం ఊడేది మాత్రం వెనకవాడికే. ఈ ప్రదర్శన చూసినవాడికి ఆ మాట మరోసారి చెప్పనక్కర్లేదు.

ఇంకొకటి కూడా అప్పుడే చూపించవచ్చు. కూర్చుని తొక్కుతున్నవాడు ఎత్తు మీద ఉన్నట్టుండి లేచి నిలబడితే, ఒంటి బరువు ముందుకు పోయి, సైకిల్ ఆ క్షణంలో జానెడు దాకా వెనక్కి వచ్చినట్టవుతుంది. వెనకవాడి చక్రానికి తగలడానికి ఆ జానెడు చాలు. లేచేటప్పుడు ఒక గేరు బరువుగా వేసుకుని, పెడల్ కిందికి నొక్కుతున్నప్పుడే లేవాలి, నొక్కుడు ఆపకూడదు. ఇది నలుగురైదుగురు కలిసి తొక్కేచోట ఎవరో ఒకరు నేర్పుతారు. ఒంటరిగా తొక్కి నేరుగా రేసుకొచ్చినవాడికి నేర్పే అవకాశం మీకే ఉంది.

మిగతా సూచనలు చకచకా చెప్పేయవచ్చు. వెనక్కి చూడాలంటే భుజం తిప్పకుండా గడ్డం మాత్రం తిప్పాలి, లేదా చంక కింద నుంచి చూడాలి. మలుపులో కాదు, మలుపుకు ముందే బ్రేకు వేయాలి. సీసా తీసి నీళ్ళు తాగేది గుంపు చివరనో అంచునో ఉన్నప్పుడు. సీసా చెయ్యి జారితే దాని కోసం వంగకూడదు. సగం రోడ్డే మూసిన రేసులో మధ్య గీత దాటినవాడు గెలిచినా లెక్కలోకి రాడని ముందే చెప్పి, దాటినప్పుడు నిజంగానే తీసేయండి. ఒక్కసారి చూసీచూడనట్టు వదిలేస్తే ఆ రోజు ఆ నియమం పోయినట్టే.

ఇక సైకిళ్ళ తనిఖీ. పై కేటగిరీల్లో ఎలాగూ చూస్తారు కాబట్టి అక్కడ కాదు, ఇక్కడ చేయండి. ఒక్కో సైకిల్‌కు 45 సెకన్లు పడుతుంది. ఇద్దరు కూర్చుంటే నలభై సైకిళ్ళు పావుగంటలో అయిపోతాయి. హ్యాండిల్ కొసల్లో బిరడాలు ఉన్నాయా అని మొదట చూడాలి. బిరడా లేని గొట్టం అంచు పడినప్పుడు తొడలోకి గుండ్రంగా దిగుతుంది. ముందు బ్రేకు నొక్కి పట్టి సైకిల్‌ను ముందుకూ వెనక్కూ ఊపితే హెడ్‌సెట్ (హ్యాండిల్ తిరిగేచోట ఉండే బేరింగు) వదులైతే చేతికి తెలుస్తుంది. చక్రాన్ని రిమ్ దగ్గర పట్టి పక్కలకు కదిపితే బేరింగు సంగతి తెలుస్తుంది. బ్రేకు లివర్ హ్యాండిల్‌ను తాకేదాకా వస్తే ఆ సైకిల్ బయల్దేరకూడదు. అంగుళం ఎత్తి నేల మీద వదిలితే వదులుగా ఉన్నదేదో అదే మోగుతుంది. సీటు కింద సంచి, వెల్‌క్రోతో కట్టిన పంపు, అద్దం, ముందుకు పొడుచుకొచ్చే ఏరో బార్లు అన్నీ ఊడదీయించండి. ఏరో బార్ల మీద చేతులు పెట్టినవాడికి బ్రేకు అందదు, అందుకే గుంపు రేసుల్లో వాటికి చోటు లేదు.

టైరు గాలి దగ్గర కొత్తవాళ్ళు దాదాపు అందరూ ఒకే పొరపాటు చేస్తారు. టైరు పక్కన ముద్రించిన గరిష్ఠ అంకె దాకా కొట్టేస్తారు, రేసు కదా అని. 70 కిలోల మనిషికి 28 మిల్లీమీటర్ల టైరులో 70 పి.ఎస్.ఐ. (గాలి ఒత్తిడి కొలత) దరిదాపుల్లో ఉంటే చాలు. 25 మిల్లీమీటర్లదైతే ఇంకో పదిహేను దాకా కలుపుకోవచ్చు. రోడ్డు తడిగా ఉంటే అందులో ఐదు తగ్గించాలి. రాయిలా బిగిసిన టైరు గరుకు రోడ్డు మీద ఎగురుతుంది, ఎగిరిన క్షణంలో దానికి పట్టు ఉండదు. హుక్‌లెస్ రిమ్ (టైరు అంచును పట్టే కొక్కెం లేనిది) అయితే ఇంకా జాగ్రత్త, 5 బార్, అంటే సుమారు 72 పి.ఎస్.ఐ. దాటితే టైరు రిమ్ నుంచి ఊడే ప్రమాదముంది. తనిఖీ బల్ల మీద ఒక గేజ్ పంపు పెట్టండి. ఇంకో ప్రశ్న కూడా అడగండి: ఈ సైకిల్ మీదేనా? ముందు బ్రేకు కొన్ని దేశాల్లో కుడి చేతికి, కొన్ని చోట్ల ఎడమ చేతికి ఉంటుంది. అరువు తెచ్చుకున్న సైకిల్ మీద భయపడినప్పుడు చెయ్యి పాత అలవాటుకే పోతుంది.

గుంపు పరిమాణం గురించి మీకు మాతో వాదన ఉండవచ్చు. ప్రవేశ రుసుములతోనే రేసు నడవాలి, కాదనం. అయినా కొత్తవాళ్ళను వంద మందిని ఒకేసారి వదలకండి. మూడున్నర మీటర్ల లేనులో మహా అయితే నలుగురు పక్కపక్కన పడతారు. నలభై మందికి పది వరసలు, సుమారు 22 మీటర్లు. ముందు వరస గుంత చూసి చెయ్యి చూపిస్తే రెండు సెకన్లలో చివరివాడు అక్కడికి చేరతాడు, హెచ్చరిక కూడా ఎలాగో అందుతుంది. వంద మందికి పాతిక వరసలు, 55 మీటర్లు. చివరివాళ్ళకు గుంత కనబడదు, కేక వినబడదు. రెండు గుంపులుగా చేసి పది నిమిషాల తేడాతో వదలండి. రెండో గుంపులో బలమైనవాళ్ళుంటే మొదటి దాన్ని అందుకుంటారు. అప్పుడు నెమ్మదిగా ఉన్న గుంపును మోటారు సైకిల్ వేసి ఒక పక్కకు ఆపి, రెండోది దాటాకే వదలాలి. ఒకటి ఇంకొకదాంట్లో కలవనిస్తే ఎవరు ఏ రేసో ముగింపు న్యాయాధికారికి కూడా అంతుపట్టదు.

దారి పరిశీలన కారులో చేయకండి. కారు సస్పెన్షన్ గుంతలను మింగేస్తుంది. సైకిల్ మీద, రేసు సాగే దిక్కులోనే, రేసు జరిగే వేళకే వెళ్ళండి. ఎండ ఎదురుగా కళ్ళలో పడే మలుపు మధ్యాహ్నం వెళ్తే తెలియదు. చక్రం దిక్కుగా చీలికలున్న కాలువ జాలీలు, ఏటవాలుగా దాటాల్సి వచ్చే రైలు పట్టాలు, స్పీడ్ బ్రేకర్లు, రోడ్డుకు అడ్డంగా పూసిన తెల్లరంగు పట్టీలు, అన్నీ రాసుకోండి. తెల్లరంగు తడిస్తే సబ్బు ముక్కతో సమానం. గుంత చుట్టూ వలయం గీస్తే చాలదు, 20 మీటర్ల ముందే ఒక బాణం గీయాలి, ఎందుకంటే గుంపులో ఉన్నవాడికి వలయం కనబడేది దాని మీదికి ఎక్కాకే. మలుపు లోపలి అంచున చేరిన ఇసుకను ముందురోజు సాయంత్రం ఊడిస్తే ఉపయోగం లేదు, రాత్రి తిరిగిన బండ్లు మళ్ళీ తెచ్చి పోస్తాయి. రేసు ఉదయమే ఊడవాలి.

మలుపులు ఎక్కువున్న దారి చూసేవాళ్ళకు బాగుంటుంది, కొత్తవాళ్ళకు మాత్రం అదే పెద్ద శత్రువు. మలుపు దగ్గర ముందువాడు 40 నుంచి 30కి తగ్గితే, వెనక వరసలు ఒకదాని మీదొకటి వచ్చి చేరి, చివరివాడు 20కి దిగుతాడు. ముందువాళ్ళు అప్పటికే మళ్ళీ 40లో ఉంటారు, అతను వాళ్ళను అందుకోవడానికి 45తో తొక్కాలి. ల్యాపుకు, అంటే దారి ఒక చుట్టుకు, పది మలుపులుంటే పదిసార్లు ఆ దూకుడు. చివరి వరసలవాడు అలిసిపోయేది రేసు వేగానికి కాదు, ఈ ఆగడాలకూ దూకడాలకూ. అలిసిన కళ్ళు ముందువాడి చక్రానికి అతుక్కుపోతాయి, దూరం చూడవు. ల్యాపుకు నాలుగు మలుపులు, అవీ వెడల్పైనవి, వీలైతే ఎత్తు మీద. కొత్తవాళ్ళకు 30 నుంచి 50 కిలోమీటర్ల దూరం చాలు. ముందు వెళ్ళే కారును 150 మీటర్ల దూరంలో ఉండమనండి. దగ్గరుంటే గాలి చాటు ఇచ్చినట్టు, దిగుడులో మరీ ముప్పు, ఎందుకంటే మలుపుల్లో సైకిల్ కారు కంటే వేగంగా పోతుంది.

మార్షల్ ఎక్కడ నిలబడాలో కూడా చెప్పాలి. మలుపు దాటాక బయటి అంచున నిలబడితే, వేగం ఎక్కువై బయటికి కొట్టుకొచ్చినవాడు సరిగ్గా అతని మీదికే వస్తాడు. అడ్డంకికి 40 మీటర్ల ముందు నిలబడి, పసుపు జెండా అడ్డంగా ఊపుతూ, ఆగకుండా ఈల వేయాలి. రోడ్డు మధ్యలో డివైడర్ ఉన్నచోట ఇది తప్పనిసరి. జెండా చంకలో పెట్టుకుని ఫోనులో వీడియో తీసే మార్షల్ కంటే ఖాళీ రోడ్డు నయం, కనీసం అక్కడెవరో ఉన్నారన్న భ్రమ ఉండదు.

స్టార్ట్ గురించి చెప్పేది కొంచెమే. మొదటి కిలోమీటరు, కిలోమీటరున్నర కారు వెనకే నెమ్మదిగా, పోటీ మొదలు కాకుండా తీసుకెళ్ళండి. సగం మందికి రెండో కాలు పెడల్‌లో బిగించుకోవడానికే అంత పడుతుంది. మధ్యలో స్ప్రింట్ బహుమతులు ఈ రేసులో వద్దు. బహుమతి ఆ ఒక్కడికే, దాని కోసం దూకేది పదిహేను మంది.

పంక్చరైనవాడు ఏం చేయాలో కొత్తవాళ్ళకు తెలియదు. ఉన్నచోటే ఆగిపోతాడు. చెయ్యెత్తి, లైను మార్చకుండా, గుంపును పోనిచ్చి, వెనకబడ్డాక అంచుకు రావాలని చెప్పండి. వెనక చక్రమైతే ఆగకముందే చిన్న పళ్ళ చక్రం మీదికి గేరు దించుకోవాలి, లేకపోతే చక్రం ఎక్కించేటప్పుడు చైనుతో కుస్తీ. డిస్క్ బ్రేకు సైకిల్‌లో చక్రం తీసి ఉన్నప్పుడు లివర్ నొక్కకూడదు. నొక్కితే ప్యాడ్లు దగ్గరికొచ్చి కొత్త చక్రం దూరదు. మా బండిలో మీరిచ్చే రెండు జతల చక్రాలు అందరికీ పనికిరావు. చక్రం బిగించేది త్రూ యాక్సిలా, క్విక్ రిలీజా, బ్రేకు డిస్క్ 140 మిల్లీమీటర్లదా 160దా, వెనక 11 పళ్ళ చక్రాలా 12నా, ఇన్ని తేడాలు. ప్రతి ఒక్కరినీ సొంత చక్రం ఉంటే నంబరు చీటీ కట్టి బండిలో పెట్టమనండి. అయినా నిజం చెప్పుకోవాలి: 40 సెకన్లు పోతే గుంపు 450 మీటర్ల దూరంలో ఉంటుంది, కొత్తవాడు ఒంటరిగా దాన్ని అందుకోవడం కల్ల. చిన్న ల్యాపుల రేసైతే నిజమైన పంక్చర్‌కు ఒక ల్యాపు మినహాయింపు ఇచ్చి, చుట్టు తిరిగొచ్చిన గుంపులో మళ్ళీ కలవనివ్వండి.

ముగింపు. మీ సమయం సగం ఇక్కడే పెట్టండి. గీత ఎక్కడ గీయాలో ఫొటోలు బాగా పడే చోటును బట్టీ, వేదిక వేసే ఖాళీ స్థలాన్ని బట్టీ నిర్ణయిస్తున్నారు. దిగుడులో ముగింపు పెడితే ఏమవుతుందో 2020 ఆగస్టులో టూర్ ఆఫ్ పోలండ్ అనే ప్రొఫెషనల్ రేసు మొదటి రోజు, కాటోవిచెలో ప్రపంచమంతా చూసింది. గంటకు 80 కిలోమీటర్ల దగ్గర డచ్ స్ప్రింటర్ డైలన్ గ్రూనెవేగన్ తన లైను వదిలి పక్కకు రావడం, పక్కనే ఉన్న మరో డచ్ స్ప్రింటర్ ఫాబియో యాకబ్‌సన్ బారికేడ్లలోకి వెళ్ళిపోవడం, అవి విడిపోయి ఎగిరిపోవడం. గ్రూనెవేగన్‌కు తొమ్మిది నెలల నిషేధం పడింది. తప్పు అతనిదే కావచ్చు, ఆ దిగుడు మాత్రం అతను పెట్టింది కాదు. 60లో పడటానికీ 80లో పడటానికీ వేగం తేడా మూడో వంతే, దెబ్బలో శక్తి తేడా మాత్రం ముప్పాతిక వంతు. అది ప్రొఫెషనల్స్ సంగతి. మీ కొత్తవాళ్ళకు గీత 2 నుంచి 4 శాతం ఎత్తు మీద పెట్టండి. వేగం తనంతట తనే తగ్గుతుంది, బలాబలాలు తేలిపోయి గుంపు పొడవుగా విడిపోతుంది, న్యాయాధికారులకు నంబర్లు కూడా కనబడతాయి.

చివరి మలుపు నుంచి గీతకు కనీసం 300 మీటర్లు నేరుగా ఉండాలి. 60 వేగంలో అది 18 సెకన్ల పని. అంతకంటే తక్కువైతే స్ప్రింట్ మలుపులోనే మొదలవుతుంది, మలుపులో మొదటివాడిగా దూరాలని పదిమంది ఒకే దారి కోసం పోట్లాడతారు. బారికేడ్ల పాదాలు రోడ్డు మీదికి పొడుచుకొస్తే పెడల్ తగులుతుంది. పాదాలు ప్రేక్షకుల వైపుకు ఉండేలా, లేదా బల్లపరుపుగా ఉండేవి తెప్పించి, ఒకదానికొకటి కొక్కేలతో బిగించండి. గీత దాటాక 150 మీటర్ల దాకా మనిషన్నవాడు ఉండకూడదు. ఫొటోగ్రాఫర్లు, సీసాలు అందించే స్నేహితులు, తండ్రులు, ఎవరైనా సరే, ఆ దూరం అవతలే. గీత దాటినవాడు తల దించుకుని ఉంటాడు, ఏమీ చూడడు.

స్ప్రింట్ చేయలేక ఆగిపోయేవాళ్ళు కూడా ప్రమాదమే. తొక్కడం మానేసి ఉన్నచోటే తేలిపోయినవాడు వెనక నుంచి వచ్చేవాళ్ళకు గోడతో సమానం. ఓపిక అయిపోతే లైను మార్చకుండా, నెమ్మదిగా వేగం తగ్గించుకుంటూ పోవాలని సూచనల్లో చెప్పండి. రెండు చేతులూ ఎత్తి గెలుపు చూపించడం ఈ కేటగిరీలో నిషేధించండి. కొందరు నొచ్చుకుంటారు, నొచ్చుకోనివ్వండి.

ఆంబులెన్స్ ఒక్కటే ఉంటే, అది ఎవరినైనా తీసుకుని కదిలిన క్షణం రేసు ఆగాలి, తిరిగొచ్చే దాకా. దీన్ని ముందే రాసిపెట్టుకోకపోతే ఆ క్షణంలో ఎవరికీ ఆపే ధైర్యం రాదు. ఎవరైనా పడితే ఇద్దరు మార్షళ్ళలో ఒకరు పడినవాడి దగ్గరికి, ఇంకొకరు వచ్చే దిక్కులో 100 మీటర్ల వెనక్కి జెండాతో పరుగెత్తాలి. ఇద్దరూ పడినవాడి దగ్గరికే పరుగెత్తడం సహజం, అదే వద్దంటున్నాం. హెల్మెట్ తీయకూడదు, చెయ్యి పట్టి లేపకూడదు. పడినవాడు తనంతట తను లేచి సైకిల్ వెతుక్కుంటుంటే, ఎన్నో ల్యాపు, ఎన్ని ల్యాపులు మిగిలాయి అని అడగండి. తడబడితే, లేదా హెల్మెట్ పగిలి ఉంటే, అతనికి ఆ రోజు రేసు అయిపోయినట్టే, సైకిల్‌కు గీత కూడా పడకపోయినా. బతిమాలతాడు. ఆ మాట గట్టిగా చెప్పగలిగిన మార్షల్‌ను ఈ రేసుకు పెట్టండి. పై కేటగిరీ రేసుకు మీరు దాచుకున్న ఆ మనిషినే.

ఇట్లు,
మీ రేసుల్లో జెండాలు, చక్రాలు, నంబర్ల కాగితాలు పట్టుకునేవాళ్ళం